బొమ్మ ఎంత ఉండాలి? పాప చంకలో పట్టేంత!

మేనకోడలి పుట్టినరోజుకు మేనమామ టెడ్డీబేర్ తెస్తాడు. నాలుగడుగుల ఎత్తు. బస్సులో దానికో సీటు కావాలి. ఇంటికి చేరగానే పాపను పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు. ఎలుగుబంటి పాప కంటే ఒక పిడికెడు ఎత్తే ఉంటుంది. మర్నాటికి ఆ బొమ్మ పాలిథిన్ కవరుతో సహా బీరువా పైకి చేరుతుంది. పాప మాత్రం రాత్రి నిద్రవేళకు చెవి సగం ఊడిన, జానెడున్నర పొడవు పాత కుందేలు బొమ్మ కోసం ఇల్లంతా వెతుకుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. దూది కూరిన మెత్తని బొమ్మలు కొనేవారు రంగు చూస్తారు, బొచ్చు చూస్తారు, ధర చూస్తారు. సైజు దగ్గరకు వచ్చేసరికి ‘పెద్దదైతే గొప్పగా ఉంటుంది’ అనుకుంటారు. కుట్టేవారూ ఆ మాటే నమ్ముతారు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బొమ్మలు కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకునే గృహిణులు చాలామంది మొదట దెబ్బతినేది కుట్టులో కాదు, కొలతలో.

కొయ్యకు చెట్టే హద్దు

కొండపల్లి బొమ్మ చేసే కళాకారుడికి ఈ సమస్య ఇంతగా ఉండదు. తెల్లపొణికి కొయ్య ఎంత లావున దొరికితే బొమ్మ అంతలో ఇమడాలి. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికించినా, కొయ్య పెట్టిన హద్దు ఉండనే ఉంటుంది. గుడ్డకు అలాంటి హద్దు లేదు. మీటర్ల లెక్కన ఎంతైనా కొనవచ్చు, ఎంత పెద్దదైనా కత్తిరించవచ్చు. కనుక హద్దు గీసుకోవలసినది కుట్టే మనిషే.

ఈ పాఠం పెద్ద కంపెనీలకూ అనుభవం మీదనే వచ్చింది. జర్మనీలోని గీంగెన్ పట్టణంలో మార్గరెటె స్టైఫ్ అనే మహిళ ఉండేది. చిన్నతనంలోనే పోలియో సోకి చక్రాల కుర్చీకి పరిమితమైనా కుట్టుపనితోనే జీవితాన్ని నిలబెట్టుకున్నది. ఆమె 1880లో ఉన్ని గుడ్డతో చిన్న ఏనుగును కుట్టింది. అది ఆడుకునే బొమ్మ కాదు, గుండుసూదులు గుచ్చుకునే దిండు. చేతిలో ఇమిడే సైజు కావడంతో పిల్లలు దాన్ని ఆటకు తీసుకున్నారు. బొమ్మల కంపెనీకి అదే నాంది అయింది.

1902లో ఆమె అన్నదమ్ముల కొడుకు రిచర్డ్ స్టైఫ్ కాళ్లూ చేతులూ కదిలే ఎలుగుబంటిని తయారుచేశాడు. దాని పేరు ‘55 పీబీ’. అందులోని 55 ఎత్తును సెంటీమీటర్లలో తెలిపే అంకె. అదే సంవత్సరం నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ వేటకు వెళ్లి, కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చడానికి నిరాకరించాడు. ఆ ఘటనపై పత్రికలో వచ్చిన కార్టూనుతో ‘టెడ్డీ’ పేరు ఎలుగుబొమ్మలకు స్థిరపడింది. అయితే 55 సెంటీమీటర్ల ఆ మొదటి ఎలుగు బరువైనది, గట్టిది. కొన్నేళ్లు తిరగకుండానే, 1905 నాటికి, అదే కంపెనీ 35 సెంటీమీటర్ల మెత్తని ఎలుగును తీసుకువచ్చింది. బొమ్మ పిల్లల చేతికి దగ్గరైనది అప్పుడే.

ఎత్తు రెట్టింపు, దూది ఎనిమిది రెట్లు

సైజు విషయంలో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది. బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే గుడ్డ రెట్టింపు సరిపోదు, నాలుగు రెట్లు కావాలి. లోపల కూరే దూదిగానీ పాలిస్టర్ పీచుగానీ ఎనిమిది రెట్లు కావాలి. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిసి పెరగడమే ఇందుకు కారణం.

30 సెంటీమీటర్ల ఎలుగుకు 150 గ్రాముల పీచు పట్టిందనుకుందాం. అదే ఆకారంలో 60 సెంటీమీటర్ల ఎలుగుకు కిలో 200 గ్రాములు కావాలి. 120 సెంటీమీటర్లకు పెంచితే గుడ్డ పదహారు రెట్లు, పీచు అరవైనాలుగు రెట్లు. అంటే 9 కిలోల 600 గ్రాములు! మేనమామ తెచ్చిన నాలుగడుగుల ఎలుగు సరిగ్గా ఈ కొలతే.

ఇక్కడే ఇంటి కుట్టుపనివారు మోసపోతారు. 30 సెంటీమీటర్ల బొమ్మకు ఒక ధర పెట్టి, ‘ఎత్తు రెట్టింపే కదా’ అని 60 సెంటీమీటర్ల దానికి రెట్టింపు ధర చెబుతారు. కొనేవాళ్లు సంతోషంగా కొంటారు. ఎగ్జిబిషన్లో స్టాలు ఖాళీ అవుతుంది. చేతినిండా డబ్బు కనిపిస్తుంది. తీరా గుడ్డ కొట్టు బాకీ, పీచు బాకీ తీర్చి చూసుకుంటే కూలి కూడా మిగలదు. ఎక్కువ అమ్మిన కొద్దీ ఎక్కువ నష్టం. ధర చెప్పే ముందు గుడ్డ ఎంత, పీచు ఎంత, పట్టిన గంటలు ఎన్ని అని మూడు గళ్లు గీసి రాసుకోవడం శ్రేయస్కరం. పీచు పొదుపు చేద్దామని వదులుగా కూరితే మరో చిక్కు. కొద్ది నెలలకే పొట్ట జారి, భుజాలు కుంగి, బొమ్మ మూల కూర్చున్న ముసలివాడిలా తయారవుతుంది.

చిన్నదైతే పని తక్కువా?

అలాగని బొత్తిగా చిన్నవి కుట్టడమూ లాభం కాదు. కుట్టు కోసం అంచున వదిలే గుడ్డ బొమ్మ సైజును బట్టి తగ్గదు. ఇరుపక్కలా 6 మిల్లీమీటర్ల చొప్పున వదిలారనుకుందాం. 6 సెంటీమీటర్ల వెడల్పు చేతి ముక్కలో అయిదో వంతు కుట్టులోకి పోతుంది. 3 సెంటీమీటర్ల ముక్కలో అయితే అయిదింట రెండు వంతులు పోతుంది. మిగిలిన సన్నని గొట్టాన్ని తిరగేయడానికి బొటనవేలు దూరదు. మొద్దు పెన్సిలుతో నెట్టాలి. తొందరపడితే కుట్టు పిగులుతుంది. అంటే 15 సెంటీమీటర్ల బొమ్మకు గుడ్డా పీచూ బాగా తగ్గుతాయి గానీ, పని సగం కాదు.

బొచ్చు సంగతి కూడా చూడాలి. పొడుగు బొచ్చు గుడ్డతో చిన్న ఎలుగును కుడితే ముక్కూ మూతీ అందులో మునిగిపోతాయి. చూడటానికి ఎలుగో, బూజుకర్ర కుచ్చో తెలియదు. చిన్న బొమ్మకు పొట్టి బొచ్చు గుడ్డ, పెద్ద బొమ్మకు పొడుగు బొచ్చు గుడ్డ అన్నది మంచి సూత్రం. కొత్తగా నేర్చుకునేవారికి 25 నుంచి 35 సెంటీమీటర్ల మధ్య సైజు అనువైనది. గుడ్డ ఎక్కువ పట్టదు, చేతికి పని అందుతుంది, తప్పు జరిగినా విప్పి కుట్టుకోవచ్చు.

నమూనాను పెంచడం ఎలా?

దగ్గర ఉన్న కాగితం నమూనా సైజు మార్చడానికి పిల్లల గ్రాఫు కాగితం చాలు. నమూనా మీద సెంటీమీటరు గళ్లు గీయాలి. మరో కాగితంపై ఒకటిన్నర సెంటీమీటరు గళ్లు గీసి, ఏ గడిలోని గీతను ఆ గడిలోకి ఎత్తి రాసుకోవాలి. 20 సెంటీమీటర్ల బొమ్మ 30 సెంటీమీటర్లవుతుంది. అయితే కుట్టుకు వదిలిన అంచును మినహాయించి అసలు గీతనే పెంచాలి. అంచును ఆ తర్వాత విడిగా కలుపుకోవాలి. ఇది మరచిపోతే పెద్ద బొమ్మలో అంచులు మరీ వెడల్పై లోపల ఉండలు కడతాయి.

మరో జాగ్రత్త మెడ దగ్గర. ఎత్తు రెట్టింపైతే తల బరువు ఎనిమిది రెట్లవుతుంది. దాన్ని మోసే మెడ అడ్డుకోత మాత్రం నాలుగు రెట్లే. అందుకే చిన్న బొమ్మలో చక్కగా నిలిచిన తల, అదే నమూనాను పెంచి కుట్టిన పెద్ద బొమ్మలో వాలిపోతుంది. పెద్ద బొమ్మకు మెడను కొంచెం లావు చేసి, అక్కడ పీచు గట్టిగా కూరి, అడుగుభాగం వెడల్పుగా ఉంచాలి.

వయసును బట్టి కొలత

ఏడాది బిడ్డ ఎత్తు ఇంచుమించు 75 సెంటీమీటర్లు. మూడేళ్లకు 95, అయిదేళ్లకు 110 వరకు ఉంటుంది. 40 సెంటీమీటర్ల బొమ్మ పెద్దలకు చిన్నదిగానే కనిపిస్తుంది. ఏడాది బిడ్డకు అది తన ఎత్తులో సగానికి పైన! నడక నేర్చే పిల్లలకు 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ, మూడు నుంచి అయిదేళ్లవారికి 25 నుంచి 35 వరకు ఉంటే బొమ్మను చంకన పెట్టుకుని గది గదికీ తిప్పగలుగుతారు. లాక్కుపోవలసిన బొమ్మ మీద పిల్లలకు మోజు నిలవదు. ఎత్తుకోగలిగినదే వారికి తోడు.

ఏడాది నిండని శిశువు నిద్రపోయేటప్పుడు ఉయ్యాలలోగానీ పక్కలోగానీ ఏ సైజు మెత్తని బొమ్మనూ ఉంచరాదని శిశువైద్యులు చెబుతున్నారు. ముఖంపై పడితే బిడ్డ దాన్ని తోసుకోలేదు, ఊపిరి ఆడదు. పెద్ద బొమ్మతో వచ్చే పాలిథిన్ కవరు కూడా అంతే ప్రమాదకరం. దాన్ని దాచకుండా వెంటనే పారవేయాలి.

కన్ను ఊడితే...

చిన్న సైజులో అసలు భయం బొమ్మతో కాదు, దాని కన్నుతో, ముక్కుతో, గుండీతో. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వాడతారు. అంటే అంగుళంపావు. బొమ్మ నుంచి ఊడివచ్చిన ఏ ముక్కైనా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడితే, అది పసిపిల్లల గొంతులో అడ్డుపడగలదని లెక్క. పెద్ద ఎలుగుకు పెట్టిన కన్ను కూడా ఇందులో ఇమిడిపోతుంది. కాబట్టి బొమ్మ సైజు పెద్దదైనంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. పసివారి బొమ్మలకు గుండీలు, పూసలు మాని దారంతో కన్నూ ముక్కూ కుట్టడం అన్నిటికన్నా క్షేమం.

మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేశారు. హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయంలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. బొమ్మలు కుట్టి అమ్మాలనుకునే మహిళలు పెట్టుబడి పెట్టకముందే ఈ నిబంధనలు విచారించుకోవడం మంచిది.

బకెట్టులో పట్టాలి

బొమ్మ సైజుకు గృహిణులు పెట్టవలసిన మరో పరీక్ష బకెట్టు. 30 సెంటీమీటర్ల బొమ్మ బకెట్టులో మునుగుతుంది, దండెం మీద ఆరుతుంది. మీటరు బొమ్మను ఉతకడమే కష్టం. ఉతికినా పైన ఆరి లోపల తడి మిగులుతుంది. వానాకాలంలో ముక్కవాసన వస్తుంది. కృష్ణా తీరం, కోస్తా ప్రాంతాల తేమ గాలికి ఇంటి దుమ్ములోని సూక్ష్మపురుగులు బాగా పెరుగుతాయి. బొచ్చు బొమ్మలు వాటికి నెలవు. ఉబ్బసం, తుమ్ములతో బాధపడే పిల్లల ఇంట్లో ఉతకలేని పెద్ద బొమ్మ కంటే ఉతకగలిగిన చిన్న బొమ్మే మేలు.

కొలువు దీర్చేవారికి

ఇక బొమ్మలు సేకరించేవారి లెక్క వేరు. వారికి కొలత పిల్లల చెయ్యి కాదు, అలమర. అమెరికాలో 1993లో వచ్చిన ‘బీనీ బేబీస్’ బొమ్మలు ఇందుకు మంచి ఉదాహరణ. ఇంచుమించు 20 సెంటీమీటర్లు, ధర అయిదు డాలర్లు. గట్టిగా కూరకుండా ప్లాస్టిక్ గుళికలు పోసి వదులుగా ఉంచారు. చిన్నవి, చౌకైనవి కావడంతో ఒకటి కొన్నవారు పది కొన్నారు. పెద్దల్లోనూ సేకరణ పిచ్చి పట్టింది. రేపు ధర పెరుగుతుందని గుట్టలుగా కొని దాచినవారిలో చాలామందికి ఆ దశాబ్దం ముగిశాక నిరాశే మిగిలింది.

సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఈ విద్య తెలిసినదే. మెట్ల వెడల్పు చూసుకుని బొమ్మలు ఎంచుతారు. మెత్తని బొమ్మలూ అంతే. 90 సెంటీమీటర్ల అరలో 15 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మలు ఆరు కూర్చుంటాయి. 45 సెంటీమీటర్లవి రెండే. ఒక సైజు నిర్ణయించుకుని దానికి కట్టుబడితే ఇల్లూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది.

ఎటు తిరిగి ఎటు వచ్చినా తేలేది ఒక్కటే. బొమ్మను కొట్లో ఎత్తు చూసి ఎంచడం కాదు, ఇంట్లో దానితో ఆడే చెయ్యిని చూసి ఎంచాలి. కత్తెర పట్టుకునే ముందు, పర్సు తీసే ముందు పాప మోచేయి నుంచి వేలి కొస దాకా ఒకసారి దారంతో కొలిచి చూడండి. బొమ్మ అంతకు మరీ మించకపోతే చాలు. అది బీరువా ఎక్కదు, పాప చంక దిగదు.