గులాబీకి కత్తెర వేళ

నర్సరీ నుంచి తెచ్చిన ఏడాది విరగబూసిన గులాబీ, మూడో ఏటికి మనిషెత్తు పెరిగి చిటారు కొమ్మన రెండు చిన్న పూలతో సరిపెడుతుంది. ఎరువు చాలలేదేమోనని ఇంకాస్త వేస్తారు. ఆ మొక్కకు కావలసింది కత్తిరింపు.

గులాబీ పూసేది కొత్త చిగురు మీదే. కొమ్మ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క కణుపుల్లోని చిగురు కళ్లను ఎదగనివ్వదు. కొస తెగితే అవి మేల్కొంటాయి.

ఇంగ్లండులో ఈ పని చలికాలం చివర చేస్తారు. మన మైదానాల్లో గులాబీ చలికి నిద్రపోదు. ఇక్కడ అదను వానలు వెనకపట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో. కోస్తాలో తుపాను ముసురు పోయేదాకా ఆగడమే మేలు, తడి గాయానికి ఎండు తెగులు తేలిగ్గా అంటుతుంది. కత్తిరించిన ఆరేడు వారాలకు పూలొస్తాయి కాబట్టి సంక్రాంతికి కావాలంటే నవంబరు నెలాఖరు సరిపోతుంది.

ఇళ్లలో ఎక్కువగా ఉండే హైబ్రిడ్ టీ రకాలకు ముందుగా ఎండు పుల్లలు, జబ్బు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, పెన్సిలు కన్నా సన్నటివి తీసేయాలి. నాలుగైదు బలమైన కొమ్మలుంచి వాటిని సగానికి తగ్గిస్తే చాలు. చల్లటి దేశాల్లోలా జానెడు మోడు మిగల్చడం ఇక్కడ అనవసరం. నడిమధ్య గిన్నెలా ఖాళీ ఉంటే గాలీ వెలుతురూ ఆడతాయి.

అందుకే బయటికి చూసే కన్ను వెతకాలి. దానికి పావు అంగుళం పైన, కంటికి అవతలి వైపు వాలుగా కోయాలి. మరీ పైన కోస్తే మిగిలిన ముక్క ఎండిపోతుంది, మరీ దగ్గరగా కోస్తే కన్నే మాడుతుంది. కోశాక తెగిన చోట ఓసారి చూడాలి. లోపలి బెండు తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టే. గోధుమ రంగుకు తిరిగితే ఎండు తెగులు లోపలికి దిగిందన్నమాట. తెల్లటి బెండు కనిపించేదాకా ఇంకా కిందికి కోస్తూ పోవాలి. కొత్తవాళ్లకు చెయ్యి రాక సగంలో ఆపేసేదీ, తర్వాత మొక్క నల్లబడి చచ్చేదీ ఇక్కడే. కోతలకు తెగులు సోకకుండా బోర్డో పేస్టు రాసి, ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్లేముందు కత్తెరను స్పిరిటుతో తుడవాలి.

కడియం లాంటి నర్సరీల ఊళ్ల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు అంటు కట్టినవి. అంటు కింద నుంచి లేచే ఏపైన రెమ్మ వేరుమొక్కది. పైపైన కత్తిరిస్తే మరింత గుబురవుతుంది. మట్టి తవ్వి మొదట్లో చీల్చి లాగేయాలి. వదిలేస్తే అసలు గులాబీని అణిచేస్తుంది.

తీగ గులాబీలకు ఈ పద్ధతి పనికిరాదు. పొడవాటి కొమ్మలను అడ్డంగా వంచి కట్టి, పూసిన పక్క రెమ్మలనే రెండు మూడు కళ్లదాకా కురచ చేయాలి. ఎండాకాలంలో ఏ రకానికీ పెద్ద కోత వద్దు. వాడిన పువ్వును మాత్రం, దాని కింద అయిదు రెబ్బల ఆకు ఉన్న కణుపు దాకా తుంచుతూ ఉండాలి.