కొరియా నాటకముల కడపటి ఘట్టములు

కొరియా దేశమున టెలివిజను కొఱకు తీయబడు ధారావాహిక కథలను డ్రామాలందురు. నేడు వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో వీని పేరెఱుగని బాలబాలికలు అరుదు. కొన్ని తెలుగు మాటలతోనే లభించుచున్నవి; తక్కినవానిని పిల్లలు తెరపై క్రిందుగా వచ్చు అక్షరములను చదువుకొనుచు చూచుచున్నారు. తల్లిదండ్రుల ఫిర్యాదు నిద్రను గూర్చినది. పిల్లల ఫిర్యాదు వేఱు: "పదునైదు భాగములు బాగుగనే యున్నవి, పదునాఱవది చెడగొట్టినారు" అని. మేమిచ్చట విచారింపదలచినది ఈ రెండవ దానిని.

మొదట ఆ దేశపు పద్ధతి తెలిసికొనవలెను. మన తెలుగు సీరియలునకు ముందుగా నిర్ణయించిన తుది యుండదు. కార్తీకదీపము 2017లో మొదలై 2023 వఱకు 1500లకు మించిన భాగములు నడచెను. ముగిసిన పిమ్మట 2024లో మరల ఆరంభమయ్యెను. కొరియా డ్రామా యట్లు కాదు. వారమునకు రెండు భాగములు, ఒక్కొక్కటి సుమారు ఒక గంట, మొత్తము 16 గాని 20 గాని యని తఱచుగా ముందే లెక్క. రెండు మూడు నెలలలో కథ కంచికి చేరును. కావున చూచువారు తొలినాటినుండియే తుదికై కాచుకొని యుందురు. కడపటి భాగము వారికి రావలసిన బాకీ వంటిది.

ఈ బాకీ సరిగా తీరకపోవుటకు ఒక కారణము పనితీరులోనే కలదు. చాలకాలము కొరియాలో ఒకవైపు కథ ప్రసారమగుచుండగనే తరువాతి భాగములను వ్రాయుచు, తీయుచు ఉండెడివారు. చివరి వారములు వచ్చుసరికి రచయితకు నిద్ర లేదు, నటులకు మాటలు వల్లించుకొను వ్యవధి లేదు. పరీక్షలో తొలి ప్రశ్నకు నాలుగు పుటలును, కడపటి ప్రశ్నకు నాలుగు పంక్తులును వ్రాయు విద్యార్థి స్థితి యిదియే. 2016లో వచ్చిన డిసెండెంట్స్ ఆఫ్ ది సన్ అను 16 భాగముల కథను ప్రసారమునకు ముందే పూర్తిగా తీసిరి; ఆ పద్ధతి క్రమముగా వ్యాపించినది. అయినను తొందర యొక్కటే దోషమైనచో ఇప్పటి కథలన్నియు చక్కగా ముగియవలెను గదా! అట్లు ముగియుట లేదు.

2004లో లవర్స్ ఇన్ పారిస్ అను 20 భాగముల కథ ఆ దేశమున మిక్కిలి జనాదరణ పొందెను. తుదకు తేలినదేమన, ఇంతకాలము చూచినదంతయు నాయిక వ్రాసికొన్న కథ యట! ప్రేక్షకులు మిక్కిలి కోపించిరి. కోపింపరా మఱి? వారు కార్చిన కన్నీటిని తిరిగి యిచ్చువారెవరు?

ఊహింపరాని ముగింపే గొప్ప ముగింపని కొందఱు రచయితలు భ్రమపడుచున్నట్లున్నది. మన ఐలోని మల్లన్న జాతరకు పోయి ఒగ్గుకథ వినువారిని చూడుడు. మల్లన్న కథ యెట్లు ముగియునో డోలు మ్రోగకముందే వారందఱకును తెలియును. అయినను కదలక కూర్చుందురు. తుది తెలియుట వారి యానందమును తగ్గింపదు. ముందు జరిగినదానిలోనుండి ముగింపు మొలచినదా, లేక వెలుపలినుండి తెచ్చి అతికించినదా యన్నదే మేము చూడవలసినదని తలంచుచున్నాము.

మొలచినదానికి మా యెఱుకలో డే జాంగ్ గుమ్‌ను మించినది లేదు. 2003-04లో 54 భాగములుగ వచ్చిన ఈ కథ మన దూరదర్శన్‌లోను ప్రసారమయ్యెను గనుక పెద్దలలో కొందఱకు జ్ఞాపకముండవచ్చును. వంటశాలలో పరిచారికగ చేరిన బాలిక వైద్యము నేర్చి, 1506 మొదలు 1544 వఱకు కొరియాను పాలించిన జుంగ్‌జోంగ్ రాజునకు వైద్యురాలగును. రాజునకు రోగము ముదిరినపుడు శస్త్రచికిత్స చేసెదనని ఆమె చెప్పగా, రాజశరీరమును కోయుటయా యని మంత్రులు అడ్డుపడుదురు, చికిత్స జరుగదు. కొన్నేండ్లకు, రాజు గతించిన పిమ్మట, ఆమె పల్లెపట్టున ప్రసవవేదనలో నున్న ఒక పేదరాలిని చూచి, అదే విద్యతో కడుపు కోసి బిడ్డను వెలికి తీయును. రాజునకు దక్కని విద్య పేరులేని స్త్రీకి దక్కెను. ఇందు అనుకోనిదేదియు లేదు. 54 భాగములును ఆ బిడ్డ యేడుపు కొఱకే నడచినవా యనిపించును.

ఇక పిల్లలు మమ్ము తఱచుగా అడుగునది స్క్విడ్ గేమ్. ఇది రక్తపాతముతో నిండినది, చిన్న తరగతులవారికి తగదు. చూచినారని తెలియును గనుకనే వ్రాయుచున్నాము. అప్పులలో మునిగిన 456 మంది, 4560 కోట్ల వోనుల బహుమానమునకై ప్రాణములొడ్డి చిన్ననాటి యాటలాడుదురు. 2021 సెప్టెంబరులో 9 భాగములుగ వచ్చినది. గెలిచిన గి-హున్ ఆ ధనమును అనుభవింపలేక, తుదకు విమానమెక్కక వెనుదిరుగును. అంతటితో ముగిసినను లోపము లేదు. కాని లోకమంతయు చూచినది; కొనసాగింపక విడుతురా? దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ తరువాతి కథను ఒక్కటిగ తలపెట్టి, పెద్దదగుటచే రెండుగ విడదీసెను. 2024 డిసెంబరులో 7 భాగములు, 2025 జూనులో 6 భాగములు వచ్చెను. మొదటిదానివలన తనకు లభించిన ధనము స్వల్పమని ఆయన దాచక చెప్పెను. ఆ నిజాయితీ మాకు నచ్చినది. విడదీసిన అతుకు మాత్రము కనబడుచునే యున్నది.

కడపటి ఆటలో గి-హున్, ఆటల నడుమ పుట్టిన ఒక పసికందు మిగులుదురు. ఒక్కరే బ్రదుకవలెను. అతడు బిడ్డను గట్టున నుంచి తాను పడిపోవును. చెప్పబోయిన మాట సగములో ఆగును. "నాయకుడు ఆ యాటను నాశనము చేసి గెలువవలసినది" అని మా విద్యార్థులలో పలువురు వాదించుచున్నారు. మే మొప్పుకొనము. అప్పు అనగా నేమో ప్రత్తి పండించు వరంగల్లు రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1997-98లో పురుగు సోకి ప్రత్తి చెడినపుడు అప్పులపాలై ప్రాణములు తీసికొన్నవారు మన ప్రక్క ఊళ్లవారే. ఒక శూరుడు వచ్చి తలుపులు బ్రద్దలుకొట్టినంతమాత్రమున బాకీలు మాసిపోయినవని యెవరైన కథ చెప్పినచో ఆ యిండ్లవారు నమ్ముదురా? ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువనన్నపుడు స్వర్గము మాఱలేదు. అతడు కుక్కను విడువలేదు, అంతే. గి-హున్ చేసినదియు అంతే. ఆట నిలిచియున్నది, బిడ్డ బ్రదికినది.

అయితే దర్శకుడు అచ్చట ఆగలేదు. తుది దృశ్యమున లాస్ ఏంజిలిస్ వీధిలో కేట్ బ్లాంచెట్ అను ప్రసిద్ధ నటి ఒక దీనునితో అదే పందెపు ఆట ఆడుచు కనబడును. ఆట లోకమంతట నున్నదని చెప్పుటకట. అది మనకు ముందే తెలియును. ఆ దృశ్యము మాకు రాబోవు సరకునకు కట్టిన బోర్డువలె తోచినది. బిడ్డను గట్టున నుంచిన చోటనే తెర దించియుండవలసినది.