ఇంటి పన్నులో లైబ్రరీ సెస్.. ఆ 8 పైసలు ఎక్కడికి పోతున్నాయ్?

వరంగల్, హన్మకొండలో ఇంటి పన్ను కడుతున్నారా? అయితే లైబ్రరీకి కూడా డబ్బు కడుతున్నట్టే. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్. అంటే పన్ను 5 వేలైతే సెస్ 400. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం తెచ్చిన పద్ధతి ఇది. తెలంగాణలోనూ కొనసాగుతోంది.

మెలిక ఎక్కడంటే.. వసూలు చేసేది కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీలు. ఖర్చు పెట్టేది జిల్లా గ్రంథాలయ సంస్థ. మధ్యలో డబ్బు ఆగిపోతోందని, వేరే పనులకు వాడేస్తున్నారని రాష్ట్రమంతటా ఏళ్లుగా ఫిర్యాదులున్నాయి. సిబ్బంది జీతాలకు సర్కారు గ్రాంటు వస్తుంది. కొత్త పుస్తకాలు, పేపర్లు, కరెంటు బిల్లులకు మాత్రం ప్రధానంగా సెస్సే ఆధారం. అది రాకపోతే మొదటి దెబ్బ గ్రూప్స్, డీఎస్సీకి ప్రిపేరయ్యే పిల్లలకే. కోచింగ్ మెటీరియల్ కొనలేనివాళ్లకు పాత ఎడిషన్లే దిక్కు.

ఈ సెస్ ఊసే లేని నిజాం కాలంలో, 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరిది!

మీ సెస్ సంగతి తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి. ఎంత వసూలైందని కార్పొరేషన్‌కు ఒకటి, ఎంత జమైందని గ్రంథాలయ సంస్థకు ఒకటి. ఫీజు ఒక్కోదానికి 10 రూపాయలు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది.