చిన్న ట్రాక్టర్ల క్విక్ కప్లర్లు: ఆర్డరుకు ముందు టేపు పట్టాలి

చిన్న ట్రాక్టర్లకు వెనుక బిగించే క్విక్ కప్లర్ల విషయంలో ట్రాక్టరు హార్స్ పవరు ఒక్కటే అడిగి ఆర్డరు పెట్టడం నష్టదాయకం. ముఖ్యంగా చూడవలసినవి కొనుగోలుదారు వద్ద ఇప్పటికే ఉన్న పనిముట్ల కొలతలు. అవి చూడకుండా అమ్మిన కప్లరు మర్నాడు దుకాణానికి తిరిగివచ్చే సరుకే.

ట్రాక్టరు వెనుక పనిముట్టును పట్టి ఉంచేవి కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింకు. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ పద్ధతి 1939 నాటి ఫోర్డ్-ఫెర్గూసన్ 9ఎన్ ట్రాక్టరుతో బాగా వ్యాపించింది. మామూలు బిగింపులో డ్రైవరు వెనక్కు నడుపుతుండగా మరొకరు ట్రాక్టరుకూ పనిముట్టుకూ నడుమ నిలబడి, గునపంతో సరిచేసి, పిన్నులు దూర్చవలసి వస్తుంది. కాళ్లూ చేతులూ నలిగేది అక్కడే. కప్లరు చట్రం ట్రాక్టరుకే ఉండిపోతుంది. వెనక్కు వచ్చి లిఫ్టు లేపితే కొక్కేలు పనిముట్టు పిన్నులను అందుకుంటాయి, గడియ పడుతుంది.

చిన్న ట్రాక్టర్లలో ఎక్కువగా కనబడేది కేటగిరీ 1. కింది పిన్ను మందం 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. ఇంకా చిన్నవాటికి కేటగిరీ 0 ఉన్నది. దాని కింది పిన్ను 16 మి.మీ. మాత్రమే. ఇరుకు రకమైన 1ఎన్‌లో పిన్ను 22 మి.మీ. అయినా కింది లింకుల ఎడం దాదాపు 400 మి.మీ.; మామూలు కేటగిరీ 1లో అది 683 మి.మీ. పిన్ను ఒక్కటే చూసి కప్లరు ఇచ్చేవారు ఇక్కడ దెబ్బతింటారు.

అసలు చిక్కు ఎత్తులో ఉన్నది. కేటగిరీ 1 పనిముట్టుకు కింది పిన్నుల నుంచి టాప్ పిన్ను వరకు ప్రమాణం 460 మి.మీ., అంటే సుమారు 18 అంగుళాలు. అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన కొక్కేల కప్లరుకు మాత్రం ఆ ఎత్తు 15 అంగుళాలు. రెండింటిపైనా కేటగిరీ 1 అనే రాసి ఉంటుంది, అయినా ఒకటి మరొకదానికి తగలదు. పై కొక్కెం జరుపుకొనే వీలున్న రకం కొంత మేలు. లేకుంటే పనిముట్టుకు వెల్డింగు తప్పదు. పైగా ఆ కొక్కేలు లావు పిన్నులకు చేసినవి గనుక, ప్రతి పనిముట్టుకూ కింద రెండు, పైన ఒకటి బుష్షులు కావాలి. కప్లరు ఒకటి అమ్మితే బుష్షుల సెట్లు నాలుగైదు పోయే అవకాశం కలదు. వాటిని నిలవ ఉంచుకోని దుకాణానికి బేరం సగమే.

త్రికోణపు ఎ-ఫ్రేము రకంలో అమరిక సులువే గాని, ప్రతి పనిముట్టుకూ జోడు చట్రం బిగించాలి. చట్రం లేకుండా లింకుల చివరలకే కొక్కేలు ఉండే రకం తేలిక. బరువు ఎక్కువ మోయలేని ట్రాక్టరుకు ఇదే నయం.

చట్రం బరువు లిఫ్టు శక్తిలోనుంచే పోతుంది. పనిముట్టు కూడా సుమారు 4 అంగుళాలు వెనక్కు జరుగుతుంది. దానివల్ల పి.టి.ఓ. షాఫ్టు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే పట్టు తగ్గుతుంది. పట్టు చాలకపోతే పొడవు షాఫ్టు వేయించాలి. ఆ షాఫ్టును మాత్రం ఇంజను ఆపి, డ్రైవరు దిగి చేత్తోనే కలపాలి. అందుచేత ఏడాది పొడుగునా రోటావేటరు ఒక్కటే వాడేవారికి కప్లరు వల్ల ఒరిగేది స్వల్పం. గొర్రు, బ్లేడు, నాగలి రోజుకు రెండు మూడు మార్లు మార్చేవారే దీనికి సరైన గిరాకీదారులు.