మూతగల చిన్న పగడపు తొట్టెలో దీపాల మార్పు: కాంతి, వేడి, వ్యవధి

వ్యాస సంగ్రహం:
ఇళ్లలో పెంచే చిన్న పగడపు తొట్లు మూతతోనూ, మూతలో అమర్చిన దీపాలతోనూ లభిస్తాయి. ఆ కాంతి పగడాలకు చాలనప్పుడు దీపాలను మార్చవలసి వస్తుంది. ఈ మార్పును కేవలం వాట్ల పెంపుగా భావిస్తే పగడాలు పాలిపోయి నశించే ప్రమాదముంది. కాంతి స్వభావం, వేడి బయటికి పోయే దారి, పగడం అలవాటుపడే వ్యవధి అనే మూడు అంశాలను కలిపి పరిశీలించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పగడాలు, జూజాంథెల్లే, కిరణజన్య సంయోగక్రియ, ఎల్‌ఈడీ, పాలిపోవడం.

1. ఉపోద్ఘాతం

‘పగడం’ అనగానే తెలుగువారికి నవరత్నాలలోని ఎర్రని రత్నం స్ఫురిస్తుంది. ఆభరణాలకు ప్రసిద్ధమైన కొరాలియం రూబ్రమ్ జాతి మధ్యధరా సముద్రంలోని గుహల్లో, మసక వెలుతురులో పెరుగుతుంది. దానికి ఎండతో పనిలేదు. ఉష్ణమండల సముద్రాలలో దిబ్బలు కట్టే పగడాల జీవనం ఇందుకు భిన్నమైనది. వాటి కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. 1881లో కార్ల్ బ్రాండ్ట్ వీటికి ఈ పేరుపెట్టాడు. ఈ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసే ఆహారంలో అధికభాగం పగడానికి చేరుతుంది. పగడం వాటికి ఆశ్రయాన్నీ పోషకాలనూ ఇస్తుంది. కాబట్టి తొట్టెలో పగడానికి అన్నం పెట్టేది ప్రధానంగా దీపమే.

2. మూతగల తొట్టె - వేడి సమస్య

మూతగల చిన్న తొట్లు ఈ శతాబ్దపు తొలి దశకంలో అమెరికాలో ప్రాచుర్యం పొందాయి. 12 గ్యాలన్ల ‘జేబీజే నానో క్యూబ్ డీఎక్స్’ ఇందుకు ఉదాహరణ. దీనిలో సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. మూత లోపల 24 వాట్ల కాంపాక్ట్ ఫ్లోరసెంట్ దీపాలు రెండు ఉంటాయి. మెత్తని పగడాలకు ఈ వెలుగు సరిపోతుంది. అక్రోపోరా వంటి రాతి పగడాలకు చాలదు. పైగా ఫ్లోరసెంట్ దీపం వెలుగుతున్నట్లే కనిపించినా కాలక్రమంలో దాని కాంతి క్షీణిస్తుంది. అందువల్ల పెంపకందారులు సాధారణంగా ఏడాదికొకసారైనా దాన్ని మారుస్తారు.

మూత నీరు ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది, చేపలు బయటికి దూకకుండా ఆపుతుంది. అదే మూత వేడినీ బంధిస్తుంది. 48 వాట్ల దీపాలు గంటకు సుమారు 173 కిలోజౌళ్ల శక్తిని వినియోగిస్తాయి. 45 లీటర్ల ఉప్పునీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి సుమారు 185 కిలోజౌళ్లు కావాలి. ఆ శక్తి అంతా నీటికే చేరితే గంటకు దాదాపు 0.9 డిగ్రీల చొప్పున వేడి పెరగాలి. వాస్తవంలో కొంత వేడి గాలిలోకి, అద్దం గుండా గదిలోకి పోతుంది. అయినప్పటికీ అదే మూతలో అదే రకం దీపాలను రెట్టింపు చేయడం ఎంత ప్రమాదకరమో ఈ లెక్క తెలుపుతుంది. సముద్రంలో ఏడాదిలో అత్యంత వెచ్చని నెల సగటుకన్నా ఒక డిగ్రీ అధికమైతే, దాన్ని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’ పాలిపోయే ప్రమాదానికి హద్దుగా పరిగణిస్తుంది.

3. కాంతిని కొలిచే విధానం

వాట్ దీపం వినియోగించే విద్యుత్తును తెలుపుతుంది. ల్యూమెన్ మానవ నేత్రానికి కనిపించే వెలుగును తెలుపుతుంది. పగటి వెలుగులో మన కన్ను సుమారు 555 నానోమీటర్ల వద్ద, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగును ఎక్కువగా గ్రహిస్తుంది. జూజాంథెల్లేలోని పత్రహరితం ప్రధానంగా నీలికాంతిని, కొంతమేరకు ఎరుపును గ్రహిస్తుంది. సముద్రజలం ఎరుపును పైపొరల్లోనే హరిస్తుంది. స్వచ్ఛమైన నీటిలో నీలికాంతి మాత్రం చాలా లోతుకు చేరుతుంది. అందువల్ల మన కంటికి మసకగా తోచే నీలిదీపం పగడానికి పుష్కలమైన ఆహారం కావచ్చు.

ఈ కారణంగా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతిని ‘పార్’ కొలమానంతో లెక్కిస్తారు. ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడే ఫోటాన్‌లను ఇది మైక్రోమోల్‌లలో తెలుపుతుంది. ఉష్ణమండలంలో మధ్యాహ్నపు ఎండ సముద్రోపరితలం వద్ద సుమారు 2000 ఉంటుంది. తొట్లలో మెత్తని పగడాలకు 50-150, అక్రోపోరా వంటివాటికి 200-350 పరిధిని పెంపకందారులు సాధారణంగా లక్ష్యంగా పెట్టుకుంటారు. దీపం కింద, మూలల్లో, అడుగున విలువలు వేర్వేరుగా ఉంటాయి కనుక, పగడం ఉన్న చోటనే కొలవాలి.

4. ఎల్‌ఈడీ అమరిక

సమర్థమైన నీలి ఎల్‌ఈడీని ఆవిష్కరించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పగడాల పెంపకానికి నీలి, తెలుపు ఎల్‌ఈడీలు ఉపకరించడానికి ఈ ఆవిష్కరణే మూలం. ఎల్‌ఈడీ వేడిని పుట్టించదన్న అభిప్రాయం సరికాదు. దాని వేడి ఎక్కువగా కాంతితోపాటు కిందికి రాక, వెనుకనున్న లోహపు పలకకు చేరుతుంది. ఆ పలకకు బయటి గాలి తగలకపోతే మూత మళ్లీ వేడెక్కుతుంది, ఎల్‌ఈడీల ఆయుష్షు తగ్గుతుంది.

కాబట్టి పాత దీపాలను విద్యుత్తు తొలగించిన తర్వాత విప్పి, అల్యూమినియం హీట్ సింక్‌పై ఎల్‌ఈడీలను బిగించాలి. వేడిగాలిని బయటికి లాగే చిన్న ఫ్యాన్ అమర్చాలి. ఉప్పునీటి తుంపరలు తగలకుండా పారదర్శకమైన అక్రిలిక్ పలక ఉండాలి. దానిపై పేరుకునే ఉప్పు కాంతిని అడ్డుకుంటుంది కనుక తరచు తుడవాలి. డ్రైవర్‌ను మూత వెలుపల ఉంచాలి. విద్యుత్ తీగ ప్లగ్గుకన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే నీటిబొట్టు ప్లగ్గును చేరదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ తప్పనిసరి. లోతు తక్కువైన తొట్టెలో ఇరుకైన కోణంగల లెన్సులు కాంతిని ఒకేచోట కుప్పబోస్తాయి కనుక వెడల్పు కోణమే మేలు.

ఫ్యాన్ వల్ల నీరు ఎక్కువగా ఆవిరవుతుంది. అర లీటరు ఆవిరైతే సుమారు 1200 కిలోజౌళ్ల వేడి దానితో పోతుంది. అయితే ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది, లవణీయత 35 నుంచి దాదాపు 35.4కు పెరుగుతుంది. ఆ లోటును ఉప్పునీటితో కాక శుద్ధిచేసిన మంచినీటితో రోజూ పూరించాలి.

5. అలవాటుపడే వ్యవధి

మసక కాంతిలో ఉన్న పగడాల శైవలాలు దొరికిన కొద్దిపాటి వెలుగును పట్టుకోవడానికి వర్ణకాలను పెంచుకుంటాయి. అటువంటి పగడంపై ఒక్కసారిగా తీవ్రమైన కాంతి పడితే శైవలాలు దాన్ని వినియోగించుకోలేవు. హానికరమైన ఆక్సిజన్ రూపాలు ఏర్పడతాయి. పగడం శైవలాలను కోల్పోతుంది. పారదర్శకమైన కణజాలం గుండా తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. పాలిపోయిన పగడం వెంటనే చనిపోదు. ఆకలితో బలహీనపడుతుంది. శైవలాలు తిరిగి చేరకపోతే మరణిస్తుంది. నీటి వేడి ఈ హానిని తీవ్రతరం చేస్తుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నట్లు 2024 ఏప్రిల్‌లో నోవా ప్రకటించింది. సముద్రంలో వేడి, ఎండ కలిసి చేస్తున్న హానినే తొట్టెలో తొందరపాటు చేయగలదు.

కాబట్టి పాత దీపాల కింద పార్ విలువను ముందుగా కొలిచి, కొత్త దీపాలను అదే స్థాయిలో ప్రారంభించాలి. ఆపై వారానికి పది శాతానికి మించకుండా పెంచడం క్షేమకరం. కాంతిని తగ్గించే వీలులేని దీపాలైతే వెలిగే గంటలను తగ్గించవచ్చు, సన్నని వలను అడ్డుగా ఉంచవచ్చు. రంగు వెలిసినా, పాలిప్‌లు ముడుచుకొని ఉండిపోయినా వెనుకటి స్థాయికి రావాలి.

6. చట్టపరమైన పరిమితి

భారతదేశంలో రాతి పగడాలన్నింటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో స్థానం ఉంది. పులికి, ఏనుగుకు ఉన్న షెడ్యూలే వీటికీ వర్తిస్తుంది. సముద్రం నుంచి వీటిని సేకరించి తొట్టెలో పెంచడం నేరం. ఇక్కడ ఈ పరిజ్ఞానాన్ని వినియోగించేవారు ఈ పరిమితిని ముందుగా గుర్తించాలి.

7. ముగింపు

• పగడానికి అందే కాంతిని వాట్లతో, ల్యూమెన్‌లతో కాక పార్ విలువతో నిర్ణయించాలి.
• మూతగల తొట్టెలో వేడి బయటికి పోయే దారిని ఏర్పరచిన తర్వాతే కాంతిని పెంచాలి.
• ఫ్యాన్ అమర్చినప్పుడు లవణీయతపై నిత్యం శ్రద్ధ అవసరం.
• దీపాన్ని ఒక్క పూటలో మార్చవచ్చు. పగడం ఆ మార్పుకు అలవాటుపడటానికి వారాలు పడుతుంది. పెంపకందారు పాటించవలసింది పగడపు వ్యవధినే.