వెనక వరుస మసకబారితే...

వార్షికోత్సవం రోజు పిల్లల్ని నాలుగు వరుసల్లో నిలబెట్టి ఫొటో తీస్తాం. ప్రింటు వేయించి చూస్తే ముందు వరుస ముఖాలు స్పష్టంగా, వెనక వరుసవి మసకగా ఉంటాయి. వెనక నిలబడ్డ బిడ్డ తల్లిదండ్రులకు ఆ ఏడాది ఫొటో లేనట్టే. పిల్లలు కదలకపోయినా ఇలా జరుగుతుంది. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, అంటే ఎపర్చర్, మరీ పెద్దగా తెరిచి ఉండటమే కారణం కావచ్చు.

లెన్స్ ఒక దూరంపైనే కచ్చితంగా ఫోకస్ అవుతుంది. అక్కడి చుక్క ఫొటోలోనూ చుక్కగానే పడుతుంది. అంతకు ముందూ వెనకా ఉన్న చుక్కలు చిన్న వృత్తాలుగా పరుచుకుంటాయి. రంధ్రం పెద్దదైతే ఆ వృత్తాలూ పెద్దవే. అదే మసక. రంధ్రం తగ్గిస్తే అవి కుంచించుకుపోయి మన కంటికి చుక్కల్లాగే కనిపిస్తాయి. ఇలా స్పష్టంగా కనిపించే మేరను డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు.

కెమెరాలో ఎఫ్/2, ఎఫ్/8 అని అంకెలుంటాయి. అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుంది. ఇది వట్టి భాగహారమే. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు ఎఫ్/2 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రం. ఎఫ్/8 అంటే 6.25 మాత్రమే. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఇదే లెన్స్‌ను 5 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, ఎఫ్/2 వద్ద స్పష్టంగా వచ్చే మేర సుమారు 1.2 మీటర్లు. ఎఫ్/8 వద్ద సుమారు 6 మీటర్లు. రెండో వరుసపై ఫోకస్ పెడితే నాలుగు వరుసలూ అందులో ఇమిడిపోతాయి. కానీ వెలుగు 16వ వంతే అందుతుంది. అందుకే గదిలో కాక, ఆరుబయట పగటి వెలుగులో తీయండి. ఫోన్‌తో తీసేవారు పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి. అది కావాలనే వెనకభాగాన్ని మసకపరుస్తుంది.

ఈ పాఠం తరగతిలోనూ చెప్పవచ్చు. అట్టముక్కకు సూదితో చిన్న రంధ్రం చేసి కంటికి ఆనించుకోమనండి. పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా తెస్తే చెదిరిపోయే అక్షరాలు, ఆ రంధ్రంలోంచి కాస్త చీకటిగానైనా తేటగా కనిపిస్తాయి.

నల్లబల్లను చూసేటప్పుడు కళ్లు చికిలించే పిల్లలు చేసేదీ ఇదే. వెలుగు వచ్చే దారిని సన్నగా చేసుకుని మసకను తగ్గించుకుంటారు. అలాంటి బిడ్డను అల్లరి అనుకుని మందలించకండి. ముందు కంటి పరీక్ష చేయించండి.