మీరు కొన్నది అసలు బాస్మతేనా? తేల్చుకోండిలా..
బిర్యానీకి బాస్మతి కొన్నారు. అందులో వేరే రకం బియ్యం కలిపితే కంటితో పట్టుకోవడం కష్టం. గింజలోని డీఎన్‌ఏ మాత్రం పట్టించేస్తుంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 8 డీఎన్‌ఏ మార్కర్లతో ఈ కల్తీని తేల్చే పరీక్షను రూపొందించారు. డీఎన్‌ఏ ముక్కలకు మెరిసే రంగు జోడించి, లేజర్‌ కాంతితో వాటి పొడవు కొలుస్తారు. వరి రకాన్ని బట్టి ఆ పొడవు మారుతుంది.

మరి మీరేం చేయొచ్చు?

2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల ప్రకారం బాస్మతిలో కృత్రిమ రంగులు, సువాసనలు కలపకూడదు. అనుమానం ఉంటే ఆహార భద్రత చట్టం-2006 సెక్షన్‌ 40 కింద రుసుము కట్టి ఫుడ్‌ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. అయితే పరీక్షకు ఇస్తామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. ఇది మరవొద్దు. నిబంధనల ఉల్లంఘన తేలితే మీ రుసుము వెనక్కి వస్తుంది.